బయటికి చెప్పని రిపోర్టు

మా ఎదుటి ఫ్లాట్‌లో రెండు రోజులుగా తలుపు ఓరగా తెరిచి ఉంటోంది. మెట్లెక్కి వస్తుంటే ఆ సందులోంచి కాలమైన్ లోషన్ వాసన వస్తుంది. నీళ్ళలో నానిన సుద్దముక్కలాంటి మెత్తని, చల్లని వాసన. వాళ్ళ పాపకు ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా గులాబీరంగు చుక్కలతో ఆ పిల్ల సోఫాలో కూర్చుని టీవీ చూస్తోంది. భయపడాల్సిందేమీ లేదు, వారం పది రోజుల్లో లేచి ఆడుకుంటుంది. అయినా ఆ వాసన తగలగానే నా చెయ్యి మెట్ల పక్క గోడను పట్టుకుంది. నలభై ఏళ్ళ కిందట అదే లోషన్‌ను దూదితో అద్దుతూ ఒక మనిషి పక్కన ఆరు రోజులు కూర్చున్నాను. ఆమె పేరు డాక్టర్ సులోచన. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు పట్టుమని పదిమంది కూడా లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

అది ఎనభైల నడిమి కాలం. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వెళ్ళే దారిలో బస్సు దిగి, పత్తిచేల మధ్య మూడు మైళ్ళు లోపలికి నడిస్తే ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. ఇప్పుడది లేదు. మా నాన్న ఆ చుట్టుపక్కల పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కూలి చేసేవాడు. మా పల్లెలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుకుని, ఇరవై రెండేళ్ళ వయసులో ఆ ఆసుపత్రిలో చేరాను. ల్యాబ్ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక కిరోసిన్ ఫ్రిజ్. మొదటి రోజు సులోచన మేడమ్ ఒక స్లైడు ఇచ్చి చూడమన్నారు. చూసి, "నార్మల్ అండీ" అన్నాను. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని, "నార్మలో కాదో నేను చెప్పుకుంటాను. నీకు ఏం కనిపించిందో చెప్పు" అన్నారు. నేను మళ్ళీ చూసి, ఉన్నవి ఉన్నట్టు ఒక్కొక్కటే చెప్పాను. అందులో ఆమె వెతుకుతున్నది ఉంది. నా 'నార్మల్' అన్న మాట కింద అది ఎవరికీ కనిపించకుండా పోయేది. ఆమె కోప్పడలేదు. "చూడకుండా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కరుణా. ఇంకొకరు నాకక్కర్లేదు" అన్నారంతే.

ఆమెకు అప్పుడు నలభై ఒక్క ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. బాపట్లలో టీచరుగా చేసి రిటైరైన తల్లితో కలిసి ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండేవారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ లేత రంగు నేతచీరల్లో కనిపించేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. మద్రాసులో ఆమెకు పాఠాలు చెప్పిన ఒక ప్రొఫెసరు గారికి మాత్రం పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసేవారు.

నేను చేరిన మొదటి శీతాకాలం, పత్తి తీతలప్పుడు, ఒక పాతికేళ్ళ మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. ఒంటి మీద చోటు లేకుండా ఆటలమ్మ. పొక్కుల సంగతి ఎలా ఉన్నా ఊపిరి అందడం లేదు. అమ్మవారు పోసినప్పుడు ఆసుపత్రికి తీసుకుపోకూడదని ఇంట్లో నాలుగు రోజులు వేపాకుల మీద పడుకోబెట్టారు. తెచ్చిన మధ్యాహ్నమే పోయాడు. అతని భార్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, "ఇది పిల్లలకొచ్చే జబ్బు కదమ్మా! ఇంత మనిషి ఎట్టా పోతాడు?" అని పలకరించినవాళ్ళనూ పలకరించనివాళ్ళనూ అడుగుతూనే ఉంది. మేడమ్ ఆమె పక్కన ఆ మెట్టు మీదే కూర్చున్నారు. ఆ సాయంత్రం ల్యాబ్‌కు వచ్చి నాతో అన్నారు: "ఆమె అడిగింది సరైన ప్రశ్న. చలిదేశాల పుస్తకాల్లో ఇది పసిపిల్లల జబ్బు. పదేళ్ళు వచ్చేసరికి అందరికీ వచ్చిపోతుంది. ఇక్కడ పెళ్ళయి పిల్లలున్నవాళ్ళకు వస్తోంది, వచ్చినవాళ్ళను చంపుతోంది. ఎండలున్న దేశంలో ఇంతమంది దీన్ని తప్పించుకుని పెద్దవాళ్ళెలా అవుతున్నారు?"

ఆ ప్రశ్నే ఆమె పరిశోధన. దానికి డబ్బిచ్చినవాళ్ళు లేరు, చెయ్యమన్నవాళ్ళూ లేరు. ఊళ్ళలో పెద్దవాళ్ళ రక్తం తీసి, అందులో పాత ఆటలమ్మ ఆనవాలు ఉందో లేదో చూడాలి. ఆ పరీక్ష మా దగ్గర లేదు. గడ్డకట్టిన రక్తం మీద తేలే సీరం వేరు చేసి, సీసాల్లో పోసి, థర్మాస్‌లో ఐస్‌ ముక్కల మధ్య పెట్టి, చీరాల స్టేషన్లో మద్రాసు వెళ్ళే తెలిసినవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ప్రొఫెసరు గారు పరీక్ష చేయించి ఫలితాలు పోస్టులో పంపేవారు. మా పెద్ద డాక్టరు గారికి ఈ పని నచ్చేది కాదు. ఆయన మంచి సర్జను, మంచి మనిషి. "రోగుల మందులకే డబ్బు చాలడం లేదు సులోచనా, రీసెర్చి మనకెందుకు?" అనేవారు. అయినా ఆయన ఆపించలేదు. ఆపడానికి తగిన కారణం ఆయనకు దొరకలేదు.

ఆటలమ్మ సంగతి తెలియాలంటే అక్కి సంగతి కూడా తెలియాలన్నారు మేడమ్. నడుం మీదో ఛాతీ మీదో ఒకవైపు పట్టీ కట్టినట్టు పొక్కులు లేచి, నిప్పులో పెట్టినట్టు మండే జబ్బు అది. ఆటలమ్మ తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదని, వెన్ను పక్క నరాల ముడుల్లో ఏళ్ళతరబడి పడుకుని, మనిషి ముసలివాడై నీరసించినప్పుడు మళ్ళీ లేస్తుందని, అదే అక్కి అని నాకు మొదట చెప్పింది ఆమే. కానీ అక్కి వచ్చినవాళ్ళు మా ఆసుపత్రి గడప తొక్కరు. పక్క ఊళ్ళో కుమ్మరి కోటమ్మ దగ్గరికి వెళ్తారు. కోటమ్మ ఎర్రమట్టి జాజు కలిపి, ఆ పొక్కుల మీద సింహం బొమ్మ గీస్తుంది. అది వాళ్ళ వంశంలో వస్తున్న విద్య.

ఒకరోజు పొద్దున్నే మేడమ్ నన్ను వెంటబెట్టుకుని కోటమ్మ ఇంటికి వెళ్ళారు. డెబ్భై ఏళ్ళుంటాయి ఆమెకు. మమ్మల్ని చూడగానే ముఖం ముడుచుకుంది.

"నా పని మానిపించడానికొచ్చావా డాక్టరమ్మా?"

"లేదండీ. మీ బొమ్మ మీరు గీయండి. గీయబోయే ముందు ఒక్క పొక్కు నాకివ్వండి చాలు" అన్నారు మేడమ్.

కోటమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. డాక్టరు తనను 'అండీ' అనడం ఆమెకు కొత్త. కాసేపటికి మంచం చూపించి కూర్చోమంది. మాటల మధ్యలో, "అక్కి లేచిన ముసలోళ్ళ పక్కన చంటిబిడ్డని పడుకోబెట్టొద్దనేది మా అత్త. రెండు మూడు వారాలకి ఆ బిడ్డకి ఆటలమ్మ పోసిద్ది. నేనూ చూశా, మా వీధిలోనే. ఒంట్లో ఉన్న అమ్మవారు ఆడికి పాకిద్దన్నమాట" అంది. మేడమ్ రాసుకుంటున్న కలం ఆపేశారు. దారిలో తిరిగి వస్తూ, "మేము పుస్తకాలు చదివి నేర్చుకున్నది వాళ్ళ అత్త వీధిలో చూసి నేర్చుకుంది" అన్నారు. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఆ తర్వాత కోటమ్మ కబురు పెట్టినప్పుడల్లా నేను వెళ్ళి పొక్కు అడుగు గీకి స్లైడు మీద పూసుకొచ్చేదాన్ని. ఒకసారి మేడమ్ రెండు స్లైడ్లు రంగు వేయించి పక్కపక్కన పెట్టారు. ఒకటి అక్కి వచ్చిన తాతది, ఒకటి ఆటలమ్మ పోసిన మనవడిది. రెండింట్లోనూ అవే పెద్ద పెద్ద కణాలు. ఒక్కో కణంలో అయిదారు కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుకుగా ఉన్నాయి. "రెండూ ఒకటే మేడమ్!" అని అరిచాను. "ఒకేలా ఉన్నాయి, అంతే. పెదాల మీద లేచే పొక్కుల్లో కూడా ఇవే కనిపిస్తాయి. తొందరపడకు" అన్నారు. కానీ ఆమె కూడా చాలాసేపు ఆ మైక్రోస్కోపు దగ్గరనుంచి లేవలేదు.

ఊళ్ళవాళ్ళ రక్తం అడిగేముందు మన రక్తం ఇవ్వాలని ఆమె నియమం. అందుకని మొదటి థర్మాస్‌లో వెళ్ళిన సీసాల్లో నాదీ ఆమెదీ ఉన్నాయి. పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో నా పుస్తకంలో ఉంటుంది. మద్రాసు నుంచి కాగితం వచ్చిన రోజు నేనే విప్పాను. నా రక్తంలో ఆనవాలు ఉంది. ఆమె రక్తంలో లేదు. అంటే ఆ జబ్బు ఆమెకు ఎప్పుడూ రాలేదు, ఎప్పుడైనా రావచ్చు. అప్పటికి ఏడాదిగా ఆటలమ్మ పోసిన ఇళ్ళల్లో తిరుగుతున్నారామె. ఆ పాతికేళ్ళ మనిషి ఛాతీ మీదికి వంగి ఊపిరి విన్నారు.

కాగితం ఆమె ముందు పెట్టాను. చదివి, మడిచి, సొరుగులో వేసేశారు.

"మేడమ్, మీరిక ఊళ్ళకు రావద్దండీ."

"ఇంకోసారి పంపి చూద్దాం. పరీక్షలు తప్పుతుంటాయి."

"ఇంకోసారీ ఇలాగే వస్తేనో?"

ఆమె కిటికీలోంచి బయటికి చూశారు. "కరుణా, ఇది పెద్ద డాక్టరు గారికి తెలిస్తే రేపే ఈ పని ఆపించేస్తారు. ఆయనకు కావలసిన కారణం ఇదే. మా అమ్మకు తెలిస్తే అన్నం మానేస్తుంది. ఎవరికీ చెప్పనని నాకు మాటివ్వు. బదులుగా నేనూ ఒక మాటిస్తాను, ఆటలమ్మ ఉన్న ఇంటికి నేను వెళ్ళను, నువ్వే వెళ్ళు."

మాటిచ్చాను. ఆమె అడిగితే కాదనే ధైర్యం నాకు లేదు. నిజం చెప్పాలంటే, అంత పెద్దమనిషి రహస్యం నా చేతిలో పెట్టడం నాకు గొప్పగా కూడా అనిపించింది. రెండో పరీక్షా అలాగే వచ్చింది. ఆమె తన మాట నిలబెట్టుకున్నారు. రెండు నెలలు ఏ ఇంటికీ వెళ్ళలేదు. ఆటలమ్మతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళను, ఏదో ఒక వంక చెప్పి, పెద్ద డాక్టరు గారి వైపు పంపేసేవారు. ఆయన నుదుటి మీద చిన్నప్పటి ఆటలమ్మ గుంటలు రెండుండేవి, ఆయనకు మళ్ళీ రాదు.

మిరప కోతలు మొదలయ్యాయి. ఎర్రగొండపాలెం వైపు మెట్ట ఊళ్ళనుంచి కూలీలు కుటుంబాలతో దిగి, కల్లాల పక్కన రేకుల షెడ్లలో ఇరుక్కుని ఉండేవారు. కాయల ఘాటుకు అక్కడ అందరూ దగ్గుతూనే ఉంటారు. ఒకరి దగ్గు వేరే రకం దగ్గని ఎవరూ కనిపెట్టరు. ఒక మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుండగా, ట్రాక్టరు తొట్టిలో గోనెపట్టాల మీద ఒకావిడను తెచ్చారు. ఎనిమిదో నెల. ఒళ్ళంతా ఆటలమ్మ, గోళ్ళు నీలంగా ఉన్నాయి, నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త తొట్టిలోంచి దూకి నేరుగా మేడమ్ కాళ్ళ మీద పడ్డాడు. "ఆడ డాక్టరమ్మ ఉందంటేనే తెచ్చామమ్మా."

మేడమ్ నావైపు చూశారు. నేను ఆమెవైపు చూశాను. వరండా చివర పెద్ద డాక్టరు గారి గది. ఆయన భోంచేసి కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. తలుపు తెరిచే ఉంది, ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. పది అడుగుల దూరం. నేను వెళ్ళి, "సార్, మేడమ్‌కు ఆటలమ్మ ఎప్పుడూ రాలేదండీ" అని ఒక్క ముక్క అంటే ఆయన లేచి వచ్చేవారు. నా నోటి దాకా వచ్చింది. మేడమ్ తల కొద్దిగా అడ్డంగా ఊపారు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను.

బిడ్డ చచ్చి పుట్టింది. తల్లి మూడు రోజులు చావుతో పెనుగులాడి బతికింది. ఆ మూడు రోజులూ మేడమ్ ఆ మంచం వదల్లేదు. నాలుగో రోజు ల్యాబ్‌కు వచ్చి, గోడ మీద క్యాలెండరు దగ్గర నిలబడి, వేలితో రోజులు లెక్కపెట్టుకున్నారు. "పదో రోజునుంచి నానుంచి ఇంకొకరికి అంటవచ్చు, ఎవరి దగ్గరికీ రాను. సెలవు పెడతాను. అసలు జబ్బే రాకపోవచ్చు కూడా" అన్నారు, రైలు సంగతి మాట్లాడుతున్నట్టు.

పద్నాలుగో రోజు జ్వరం వచ్చింది. మర్నాటికి మెడ మీద పొక్కులు. ఆసుపత్రి చివరి గదిలో పెట్టారు. నాకు రాదని కాగితం మీద ఉంది కాబట్టి నేను దగ్గరుంటానన్నాను. వాళ్ళమ్మగారూ చిన్నప్పుడే ఆటలమ్మ పడి లేచినామె, ఆమె కూడా తలవైపు స్టూలు వేసుకుని కూర్చున్నారు. మేడమ్ మొదటి రెండు రోజులూ పని చేయించారు. తన రక్తం తీయించారు. తన పొక్కే గీకించారు. "చూసిరా, ఏం కనిపించిందో చెప్పు" అన్నారు. చూసొచ్చి చెప్పాను. కణాలు ఎంత పెద్దగా ఉన్నాయో, ఒక్కోదాంట్లో ఎన్ని కేంద్రకాలున్నాయో అన్నీ చెప్పాను. "బాగా చూశావు" అన్నారు.

మూడో రోజు దగ్గు మొదలైంది. పెద్ద డాక్టరు గారు ఎక్స్‌రే దీపానికి ఎత్తి పట్టుకుని చూసి దించేశారు, ఊపిరితిత్తుల నిండా తెల్లని చుక్కలు. ఈ వైరస్‌కు పైదేశాల్లో కొత్త మందు వచ్చిందని ప్రొఫెసరు గారు ఒకప్పుడు రాశారు. ఆయనకు టెలిగ్రాం ఇచ్చాం. మద్రాసులో దొరకలేదని, బొంబాయిలో అడుగుతున్నానని జవాబు వచ్చింది. అంతకు మించి కబురు రాలేదు. గుంటూరు తీసుకెళ్దామని జీపు సిద్ధం చేశారు. ఆ గతుకుల దారిలో ఆమె ఊపిరి నిలవదని పెద్ద డాక్టరు గారే వద్దన్నారు. ఆయన నన్ను వరండాలోకి పిలిచి అడిగారు: "ఈమెకు రాలేదని ముందే తెలుసా అమ్మా?" తెలుసన్నాను. ఆయన స్తంభానికి ఆనుకున్నారు. "నాకొక్క మాట చెప్పుంటే నేను చూసేవాణ్ణి కదా తల్లీ" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అయిదో రోజు సాయంత్రం మేడమ్ ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి నన్ను దగ్గరికి రమ్మన్నారు. "ఇరవై ఒకటో రోజు రెండోసారి రక్తం తీయాలి. అప్పుడే రెండూ పోల్చడానికి వీలవుతుంది. మర్చిపోకు" అన్నారు. ఒక్కో మాటకు ఆగుతూ చెప్పారు. అలాగేనండీ అన్నాను. ఆమె డాక్టరు. ఇరవై ఒకటో రోజు ఉండదని ఆమెకు తెలుసు. నాకోసం అన్నారో, తనకోసం అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మర్నాడు తెల్లవారి ఎండ గదిలోకి వచ్చాక పోయారు.

సమాధుల తోట నుంచి వచ్చిన తర్వాత వాళ్ళమ్మగారు నన్ను క్వార్టర్స్‌కు పిలిపించారు. మంచం మీద కూతురి చీరలు మడతలు పెడుతున్నారు.

"దానికి ముందే తెలుసా కరుణా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ముసలామెకు అదే కావాలేమో కూడా. కానీ ఒకసారి నోరు మూసుకున్నందుకే ఇంత దూరం వచ్చింది. "తెలుసండీ. నాకూ తెలుసు. చెప్పొద్దని మాట తీసుకున్నారు" అన్నాను.

ఆమె ఏడుస్తారనుకున్నాను, నన్ను కొడతారనుకున్నాను. చీర మడత ఆపకుండా, తనలో తను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టారు. "దానికి ఆరేళ్ళప్పుడు మా వీధిలో పిల్లలందరికీ పోసింది. బంగారంలాంటి పిల్ల, మచ్చలు పడతాయని భయపడి, దాన్ని తీసుకెళ్ళి మా అమ్మ దగ్గర దాచాను. రెండు నెలలు బడి మాన్పించాను. మళ్ళీ ఎనిమిదేళ్ళప్పుడు వస్తే మళ్ళీ దాచాను. మా పిల్లకు ఒక్క పొక్కు కూడా రాలేదని అందరికీ చెప్పుకునేదాన్ని." అక్కడ ఆగారు. చీర ఒళ్ళోకి జారిపోయింది. "అప్పుడు పోసుంటే వారంలో తగ్గిపోయేది కదమ్మా. నేనే కదా దాచింది."

ఆమె పక్కన కూర్చున్నాను. చీకటి పడేదాకా ఇద్దరం ఆ చీరలు మడతపెట్టాం.

ఆ పని ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మిగిలిన సీసాలు, రాతపుస్తకాలు మద్రాసు పంపించాం. ప్రొఫెసరు గారు అవి అందాయని రాశారు, తర్వాత రిటైరయ్యారు. ఆ ప్రశ్నను ఎండలున్న దేశాల్లో ఇంకా చాలామంది డాక్టర్లు వేసుకున్నారని తర్వాత విన్నాను. వాళ్ళ కాగితాల్లో ఈమె పేరు ఎక్కడా ఉండదు. కోటమ్మకు నేనే వెళ్ళి చెప్పాను. జాజు కలుపుతున్న ఆమె గిన్నె పక్కన పెట్టేసి, "నా దగ్గరకొచ్చే ప్రతి కొంపలో కడుపుతో ఎవరన్నా ఉన్నారా అని అడుగుతా. ఉంటే పుట్టింటికి తోలమంటా. అంతకంటే నేనేం చెయ్యగలను" అంది. ఆమె బతికున్నంత కాలం అడిగిందనే విన్నాను. రెండేళ్ళ తర్వాత నేను గుంటూరు వచ్చేశాను. ల్యాబుల్లోనే ముప్ఫై అయిదేళ్ళు గడిచిపోయాయి. "మా ఆయనకు చెప్పకండి", "మా అత్తగారికి చెప్పకండి" అని రిపోర్టు అందుకుంటూ అడిగినవాళ్ళు ఎందరో. మాట మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కూర్చోబెట్టి, చెప్పకపోతే ఎవరికి ఏమవుతుందో విడమరిచి, వాళ్ళ చేతే వాళ్ళవాళ్ళకు చెప్పించేదాన్ని. కొందరు తిట్టారు. ఒక ల్యాబులో ఉద్యోగం కూడా పోయింది.

ఈ సంగతి విన్నవాళ్ళు, ఆవిడ మీకు దేవతలాంటిదేమో అంటారు. కాదు. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల దగ్గర అలాంటి మాట తీసుకోకూడదు. ఇప్పుడు నేను ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్దదాన్ని. ఆమె నా ముందు కూర్చుంటే, ఒక అక్క చెల్లెల్ని కేకలేసినట్టు కేకలేస్తాను. ఆ కోపం కిందే ఆమె నేర్పినవన్నీ ఉన్నాయి, విడదీయడం నావల్ల కాలేదు. కొన్ని మధ్యాహ్నాలు, ఎండ బాగా కాస్తున్నప్పుడు, ఆ వరండాలో మళ్ళీ నిలబడి ఉంటాను. ఆమె తల అడ్డంగా ఊపుతారు. నేను లెక్కచెయ్యను. పది అడుగులు నడిచి వెళ్ళి, పేపరు చదువుకుంటున్న ఆయన్ని లేపి, చెప్పేస్తాను.